ఏడో తేదీ కట్ట

పదమూడో తేదీ కట్ట విప్పి సాయిలు మొదటి చీటీ ముందు పెట్టుకున్నాడు. నల్లని కంప్యూటర్ తెర పేషెంటు నంబరు అడిగింది, ఇచ్చాడు. పేరు అడిగింది, ఇచ్చాడు. డాక్టరు కోడ్ అడిగింది, ఇచ్చాడు. మళ్లీ ఎప్పుడు రావాలో ఆ తేదీ అడిగింది. 13/05/99 అని కొట్టి ఎంటర్ నొక్కాడు.

తెర ఒప్పుకోలేదు. తేదీ తప్పు, మళ్లీ ఇవ్వమంటూ ఇంగ్లీషులో ఒక ముక్క రాసి, కింద తెల్లటి గీతను వెలిగిస్తూ ఆర్పుతూ నిలబడింది. సాయిలు చీటీ చూశాడు. మే పదమూడే. మళ్లీ అదే కొట్టాడు. మళ్లీ అదే జవాబు.

ఆ తెర అతనితో ఎన్నడూ పేచీ పెట్టలేదు. పది రోజులుగా అది అడగడం, అతను చెప్పడం. ఇరవై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు గొడుగు కింద టైపు మిషను పెట్టుకుని, వచ్చినవాళ్లను పేరేంది, తండ్రి పేరేంది, ఊరేంది అని అడుగుతూ అర్జీలు కొట్టిన మనిషి సాయిలు. నలభై నాలుగేళ్ల వయసులో అడిగేవాడు కాస్తా జవాబు చెప్పేవాడయ్యాడు. కొత్తగూడలో అతని ఇంటికి సైకిలు మీద పావుగంట దూరంలో, అమెరికా డాక్టర్ల మాటలు విని కాగితాల మీదికి ఎక్కించే కంపెనీ ఒకటి తెరిచారు. వేళ్లు వేగమని, అక్కడ విన్నవాళ్లు రాసిచ్చే చీటీలను కంప్యూటర్లోకి కొట్టడానికి అతన్ని తీసుకున్నారు. కిటికీలోంచి చూస్తే బండల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ ఎండలో నీటిచుక్కలా కనిపించేది.

అది 1999 ఏప్రిల్ మధ్యలో ఒక గురువారం. మూడు నెలల ప్రొబేషన్ ఆ రోజుతో ముగుస్తుంది. నాలుగింటికి మే నెల మొదటి పన్నెండు రోజుల అపాయింట్‌మెంట్ల ఫైలు అమెరికాలోని క్లినిక్‌కు వెళ్లాక, ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం చేతికిస్తానని మేనేజరు నరసింహమూర్తి పొద్దున్నే చెప్పారు. ఆ మాట సాయిలు భార్య రుక్కమ్మకు ముందే తెలుసు. ఆ వీధికి కూడా తెలుసు.

"రసజ్ఞ మేడం, జర ఇటు రండి. ఈ తేదీ తీసుకుంటలేదు."

రసజ్ఞ కాకినాడ అమ్మాయి. ఇరవై మూడేళ్లు. ఒక్కొక్క ప్రశ్నే అడిగి జవాబు కోసం ఆగే ఆ చిన్న ప్రోగ్రాం పెర్ల్ భాషలో రాసింది ఆమే. వచ్చి తెర చూసి నవ్వింది.

"పదమూడో నెల ఎక్కడుందండీ సాయిలు గారూ? అమెరికా వాళ్లకి నెల ముందు, రోజు తర్వాత. 05/13 కొట్టండి."

కొట్టాడు. తీసుకుంది.

"అంతే," అని ఆమె వెళ్లిపోయింది.

ఇంకో రెండు చీటీలు కొట్టాడు. మూడో దానికి అతని వేళ్లు మీటల మీద అలాగే ఆగాయి. పదమూడును వద్దన్న తెర, నిన్న సాయంత్రం పన్నెండును ఎట్లా తీసుకుంది? 12/05 అని నలభై సార్లు కొట్టాడు. ఒక్కసారీ అడ్డం చెప్పలేదు. పన్నెండో నెల ఉంది కాబట్టి. మే పన్నెండును అది డిసెంబరు ఐదుగా రాసుకుంది.

పన్నెండు కట్టలు గోడ వారగా వరుసగా ఉన్నాయి. ఒకటో తేదీ వాళ్లు జనవరిలోకి, రెండో తేదీ వాళ్లు ఫిబ్రవరిలోకి, ఎనిమిదో తేదీ వాళ్లు ఆగస్టులోకి పోయారు. ఐదో తేదీ కట్ట ఒక్కటే, ఎటు తిప్పినా ఐదే కాబట్టి, ఉన్న చోట ఉంది. మిగతా పదకొండూ అతని చేతుల మీదుగానే నెలలు దాటి వెళ్లాయి. అప్పటికి పదకొండున్నర.

రసజ్ఞ దగ్గరికి వెళ్లి పక్కన నిలబడి మెల్లగా చెప్పాడు. ఆమె ఫైలు తెరిచింది. వరుసలు కిందికి జారుతుంటే ఆమె ముఖంలోని నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

"ఫర్వాలేదండీ," అంది కాసేపటికి. "అన్నీ మే నెలవే కదా. మే కాని నెల ఎక్కడ కనిపించినా నెలనీ రోజునీ తిరగేసేస్తాను. అయిదు నిమిషాల పని. ఎవరికీ తెలియక్కర్లేదు."

"మరి ఏడో తేదీ కట్ట?"

ఆమె చేతులు ఒళ్లో పడ్డాయి. ఏడో తేదీ కట్టను నరసింహమూర్తి నమూనాగా మంగళవారమే పంపించారు. పేర్లన్నీ సరిపోయాయని, బాగుందని క్లినిక్ వాళ్లు జవాబిచ్చారు. ఫైలు అందగానే అక్కడి మిషను ఉత్తరాలు అచ్చువేసి పోస్టు చేస్తుంది. మే ఏడున రావలసిన నలభై మందికి జూలై ఐదున రమ్మని ఉత్తరాలు.

"ఇవాళ మీ కన్ఫర్మేషన్ కదండీ," అంది రసజ్ఞ గొంతు తగ్గించి. "జూలై అని చూస్తే వాళ్లకే అనుమానం వస్తుంది. ఫోన్ చేసి కనుక్కుంటారు."

"దవాఖాన కాయితం మీద ఉన్నదాన్ని జనం నమ్ముతరమ్మా. నేనైతే నమ్ముత."

అతను ఏడో తేదీ కట్ట తెచ్చి విప్పాడు. పైన ఉన్న చీటీ ఒక ముసలామెది. ఎందుకు రావాలో చివర ఒక మందు పేరు, దాని పక్కన రక్త పరీక్ష అని ఉన్నాయి.

"ఇదేం మందు మేడం?"

రసజ్ఞ చదివింది. "రక్తం పలచబడ్డానికి. మా తాతగారు వాడేవారు. నెలనెలా రక్తం చూపించుకుని మోతాదు మార్చుకోవాలి. లేకపోతే లోపల్లోపలే రక్తం కారుతుంది."

బయట ఎక్కడో రాళ్లు పేల్చేవాళ్ల ఈల మోగింది. కొండను పగలగొట్టి రోడ్డు వేస్తున్నారు. ఈలకీ పేలుడుకీ మధ్య ఉండే ఆ కొద్ది నిశ్శబ్దంలో గదిలో ఎవరూ మాట్లాడరు, అలవాటు. ఆ నిశ్శబ్దం ఆ రోజు చాలా పొడుగ్గా సాగింది. తర్వాత నేల అదిరింది, అద్దాలు గలగలమన్నాయి.

"నేను సార్ దగ్గరికి పోతున్న," అన్నాడు సాయిలు. "నువ్వు రాకున్నా ఏం లేదు బిడ్డా. కొట్టింది నేను."

రసజ్ఞ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

నరసింహమూర్తి బల్ల మీద కంపెనీ పేరున్న తెల్లటి కవరు ఉంది. ఇంకా అంటించలేదు. సాయిలు దాన్ని చూడకుండా ఉండడానికి గోడ మీది క్యాలెండరు చూశాడు, అక్కడ కూడా తేదీలే కనిపించాయి.

"సార్, తప్పయింది. పదకొండు కట్టల తేదీలు ఉల్టా పడ్డయి. పది మన దగ్గరనే ఉన్నయి. ఒకటి పోయింది."

"తప్పు నాది సార్," అంది రసజ్ఞ. "ప్రోగ్రాంలో తేదీ అని మాత్రమే అడిగాను. ఏ వరుసలో ఇవ్వాలో అడగలేదు. ఇచ్చింది ఇచ్చినట్టు తీసేసుకుంది."

నరసింహమూర్తి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఉన్న తప్పంతా మీరిద్దరే పంచేసుకుంటే నాకేం మిగిలిందండీ? నమూనా చూసి పంపింది నేను." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ఈ క్లినిక్ పోతే పని చూపించలేక ఇరవై మందిని ఇంటికి పంపాలి. ఆ సంగతి తెలిసే వచ్చారా సాయిలు గారూ?"

"తెలుసు సార్."

"వాళ్లకిప్పుడు అర్ధరాత్రి దాటింది. మన ఆరున్నరకి తెరుస్తారు. ఫోన్ చేస్తాను. ఆ పది కట్టల ఫైలు మాత్రం నాలుగింటికే వెళ్లాలి, ఒప్పందం అది. తిరగేశాం, సరిపోయింది అంటే నేనెలా నమ్మాలి? నిన్నటిదాకా కూడా సరిపోయిందనే అనుకున్నాం."

సాయిలు ఒక అడుగు ముందుకు జరిగాడు. "అర్జీ కొట్టినంక మేం కాయితం మిషన్లకెల్లి గుంజం సార్. అట్లనే ఉంచి మొత్తం చదివి వినిపిస్తం. కొట్టించుకున్నాయన విని సై అంటేనే గుంజి వేలిముద్ర ఏపిస్తం. ఈ తెర నేను చెప్పింది ఇంటది గాని, ఏం విన్నదో చెప్పదు. చెప్పనిద్దాం. తిరగేసినంక ఒక్కొక్క పేరు, ఆ తేదీ అక్షరాల్లో చూపెట్టాలె. నేను చీటీ పట్టుకుని సూస్త."

"నాలుగు వందల చీటీలు."

"అయితయి సార్."

పన్నెండుంబావుకు రసజ్ఞ ప్రోగ్రాం మార్చి తెచ్చింది. తెర మొదటి పేరు చూపించి, పక్కన తేదీని మే నెల పేరుతో అక్షరాల్లో రాసి, ఔనా కాదా అని అడిగింది. ఔనంటే వై, కాదంటే ఎన్. సాయిలు వై కొట్టాడు. తెర వినలేదు. వై గాని ఎన్ గాని కొట్టమని మళ్లీ అడిగింది. కొట్టాడు. మళ్లీ అడిగింది.

"ఏందమ్మా, దీనికి చెవుడొచ్చిందా?"

రసజ్ఞ తన రాత మీదికి వంగింది. చెమట ఆమె చెంప మీదుగా మీటల మీద పడింది. "అయ్యో, ఎంటర్ కోసెయ్యలేదండీ. మీరు వై కొట్టి ఎంటర్ నొక్కితే, ఆ ఎంటర్ కూడా వై వెనకే తోకలా వస్తుంది. ఉత్త వై కోసం చూస్తున్న దానికి తోకున్న వై అచ్చంగా వేరే జవాబు." ప్రోగ్రాంలో ఒక మాట చేర్చింది. తోక తెగింది. తెర విన్నది.

మధ్యాహ్నం భోజనానికి ఎవరూ పిలవలేదు. పిలిచినా అతను లేవడు. చీటీ, తెర, మీట. చీటీ, తెర, మీట. పేర్లు వాగులో ఆకుల్లా వచ్చి, ఒక్క క్షణం తిరిగి, కిందికి పోతున్నాయి. నాలుగో కట్ట సగంలో అతను ఉలిక్కిపడి చేతులు పైకెత్తాడు. తెర మీద కొత్త పేరు ఉంది. దానికి ముందు పేరు ఏదో అతనికి గుర్తు లేదు. వై కూడా కొట్టలేదు. ఉత్త ఎంటర్ నొక్కితే తెర ఔననుకుని ముందుకు పోయింది.

"మేడం, ఇది మౌనానికి కూడా ఔనంటున్నది."

"ఉత్త ఎంటర్ అంటే ఔనని పెట్టానండీ. మీకు తొందరగా అవుతుందని."

"నా వేలు నా కన్ను కంటే ముందు పోతున్నది. తియ్యి దాన్ని. నేను నోరు తెరిచి చెప్తేనే వినాలె."

"టైమ్ రెండయిందండీ."

"కానీ. ఈ కట్ట మొదటి నుంచి సూస్త."

ఆమె ప్రోగ్రాంలోంచి ఆ వరుస తీసేసింది. ఇప్పుడు ఉత్త ఎంటర్‌కు తెర కదలకుండా అదే ప్రశ్న మళ్లీ వేసి ఆగుతోంది. సాయిలు కట్ట మొదటికి వెళ్లాడు. రసజ్ఞ పక్కన కుర్చీ వేసుకుని చీటీలు అందించసాగింది. ఆమె చదవడం, అతను తెర చూడడం.

ఆరో తేదీ కట్టలో ఒక చీటీ దగ్గర ఆమె పేరు చదివింది, తేదీ చదవబోయి ఆగింది. అది జూన్ ఐదుది. ఎవరో పొరపాటున మే కట్టలో కలిపారు. సాయిలు రోజు ముందు కొట్టాడు గనక తెరకు అది మే ఆరుగా కనిపించింది. మే కనిపించింది గనక రసజ్ఞ తిరగేత దాన్ని ముట్టుకోలేదు. తప్పు ఒప్పు బట్టలు కట్టుకుని గుంపులో కూర్చుంది. మధ్యాహ్నం నుంచి మొదటిసారి సాయిలు ఎన్ కొట్టాడు. సరైన తేదీ చెప్పమని అడిగితే చెప్పాడు. తెర అక్షరాల్లో చదివి వినిపించింది.

"సై," అన్నాడు పైకే.

నాలుగుకు ఆరు నిమిషాలుండగా చివరి చీటీ అయింది. ఫైలు వెళ్లింది. ఏడో తేదీ కట్టను సరిచేసి విడిగా కాగితం మీద అచ్చుతీశారు. తర్వాత ఇంకో పని మీదికి మనసు పోక రెండున్నర గంటలు కూర్చున్నారు. కవరు బల్ల మీద అలాగే ఉంది.

ఆరున్నరకు నరసింహమూర్తి ఫోన్ కలిపారు. ఆయన ఇంగ్లీషు మెల్లగా, తడబడకుండా సాగింది. దాచలేదు. ఎవరి పేరూ చెప్పలేదు. అవతలి మాట వాళ్లకు వినపడదు. ఆయన ఔనౌనంటూ వింటున్నప్పుడు ఆయన చూపుడువేలు కవరు అంచు మీద అటూ ఇటూ నడిచింది. ఫోన్ పెట్టి కిటికీ వైపు చూశారు. అద్దాల మేడ మీద చివరి ఎరుపు ఉంది.

"ఉత్తరాలు నిన్ననే పోస్టులో పడ్డాయి. మన లిస్టు ఇప్పుడే ఫ్యాక్స్ చేస్తే నలభై మందికీ ఫోన్లు చేస్తామన్నారు. ఇంకో నెల చూసి ఒప్పందం సంగతి చెప్తారట. చెప్పినందుకు థాంక్స్ అన్నారు. థాంక్స్ అంటూనే కోప్పడ్డారు."

ఆయన కవరులోంచి కాగితం తీసి సొరుగులో పెట్టారు. "ఇది నేనిప్పుడు ఇవ్వలేను సాయిలు గారూ. పైవాళ్లు ఒప్పుకోరు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగిస్తున్నాను. అంతవరకే నా చేతిలో ఉంది."

"పని ఉన్నది గద సార్?"

"ఉంది. రేపు ఆ పదమూడో తేదీ కట్ట."

సాయిలు ఇల్లు చేరేసరికి రుక్కమ్మ గడపలోనే ఉంది. తలలో పూలు పెట్టుకుంది.

"అయినవా పర్మినెంటు?"

"కాలే. ఇంకో మూడు నెలలన్నరు."

"ఏమన్న తప్పు చేసినవా?"

అతను సైకిలు గోడకు ఆనించి అంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆమె అతని వేళ్ల వైపే చూసింది.

"ఎవరు పట్టుకోలేదు. నువ్వే పోయి చెప్పుకున్నవా?"

"నేనే చెప్పిన."

"తెలివి," అంది. చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. అతను కాళ్లు కడుక్కుంటుంటే అడిగింది, "ఆ ముసలామెకు ఫోను పోయిందా?"

"ఇప్పుడిప్పుడే చేస్తుంటరు. అక్కడ పొద్దుగాల."

"మూడు నెలలంటే బోనాలదాంక," అంది రుక్కమ్మ, లోపలికి నడుస్తూ. "రా, అన్నం చల్లారుతున్నది."