ముందుగా వచ్చిన కొర్ర కొత్త

నా చిన్నప్పుడు మా అమ్మకు ఉబ్బసం ఉండేది. సంతలో మందులమ్మే ఒకాయన ఇచ్చిన తెల్ల మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంది. ఆయాసం తగ్గింది గానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది. అమ్మకు ఒళ్లు వచ్చిందని అందరూ మురిసిపోయేవారు. నాకూ ముచ్చటగానే ఉండేది.

ఆ ఏడు కొర్ర కొత్త పండుగ దగ్గర పడింది. కొత్త కొర్రలు కొండతల్లికి పెట్టేదాకా బయటి తిండీ మందూ ఏదీ ఒంట్లోకి పోకూడదని మా ఊరి కట్టుబాటు. ముహూర్తం చూసి పూజ చేసే దిసారి మా తాతయ్యే, అమ్మకు కన్నతండ్రి. అమ్మ తన మాత్రలను ఇంటి వాసంలో దోపేసింది. తాతయ్యకు చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

కొద్ది రోజులకే అమ్మ లేవలేకపోయింది. నీళ్లు తాగినా వాంతే. పిలిస్తే ఎంతసేపటికో పలికేది. కొండతల్లికి కోపం వచ్చిందన్నారు, కోడిని కోశారు. నేను అమ్మ పాదాలు రుద్దుతూ కూర్చున్నాను. ఎంత రుద్దినా వేడెక్కలేదు. అమ్మ ఇక చచ్చిపోతుందని నాకు తెలిసిపోయింది.

కింది ఊళ్లో సూదిమందులిచ్చే నర్సమ్మ వచ్చి, ఏదైనా మందు మానేసిందా అని అడిగింది. నేను వాసం వైపు చూపించాను. ఆ మాత్రలు చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"రోజూ పక్కింటి నిప్పు తెచ్చుకుని వండుకుంటే మన పొయ్యి సల్లారిపోద్ది. ఆల్లు ఒక్కసారే తలుపేసుకుంటే ఏటి సేత్తాం? ఈయమ్మ ఒంట్లో అదే అయినాది" అంది తాతయ్యతో.

మనిషిని నిలబెట్టే రసమొకటి ఒంట్లోనే ఊరాలట. ఏళ్ల తరబడి మాత్రలు వేసుకోవడంతో అది ఊరడం మానేసిందట. వెంటనే సూది వెయ్యాలంది. అమ్మ చెయ్యి లాగేసుకుంది. తన వల్ల పండుగ చెడితే ఊరి పంట పోతుందని ఆమె భయం. పెద్దలూ పండుగ దాకా ఆగమన్నారు. అందాకా అమ్మ ఉండదని నర్సమ్మ చెప్పేసింది.

తాతయ్య లేచి చేలోకి పోయాడు. ఇంకా పండని కొర్ర కంకులు గుప్పెడు తెంపి, నలిపి, కొండతల్లి రాయి ముందు పెట్టి వచ్చాడు. మిగిలిన చిటికెడు అమ్మ పెదవులకు అంటించాడు.

"కొత్త పెట్టేసినాను. పండగైపోనాదే అమ్మీ. సెయ్యియ్యి."

అమ్మ చెయ్యి చాచింది. సూది వేశాక డోలీలో కిందికి మోసుకుపోయారు. బతికింది. ఆసుపత్రిలో మళ్లీ మాత్రలు మొదలుపెట్టి, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించారు.

పచ్చి కొర్రతో పండుగ చేసిన మనిషిని ఊరు క్షమించలేదు. మరుసటి ఏడు వేరే దిసారిని పిలిచారు. తాతయ్య అందరి వెనకా కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం అమ్మ తింటుంటే చూస్తూ ఉన్నాడు.

ఇప్పుడు నాకూ ఆ ఉబ్బసమే, డాక్టరమ్మ రాసిచ్చిన ఆ మాత్రలే. ఆవిడ చెప్పందే ఒక్క పూటా మానను. కొర్ర కొత్త నాడు కూడా పూజకంటే ముందే వేసుకుంటాను. ఎవరైనా నొసలు చిట్లిస్తే, నా పండుగ మా తాతయ్య ఎప్పుడో చేసేశాడని చెబుతాను.