ఏ రూపాయితో మారిషస్ వెళ్లాలి

బోధన్‌లో చక్కెర కార్ఖానా కొత్తగా లేచిన రోజులవి. చెరకు బండ్లు తూచే కాంటా దగ్గర నేను గుమాస్తాను. చైత్రంలో గానుగ ఆగితే నా జీతమూ ఆగేది. మళ్లీ దీపావళి దాటేదాకా ఖాళీ.

మా మిస్త్రీ ఒకప్పుడు మారిషస్ దీవిలో పదేళ్లు చక్కెర మిషన్ల మీద పనిచేసి వచ్చినవాడు. నా గురించి తన పాత చెరకు తోటకు ఉత్తరం రాశాడు. జవాబు వచ్చింది: కాంటా గుమాస్తా పని ఉంది, అక్కడ చెరకు కోత మొదలయ్యేలోగా చేరాలి, దారి ఖర్చు ఎవరిది వారిదే.

"ఈడ గానుగ బందయినంక ఆడ షురువైతది," అన్నాడు మిస్త్రీ. "పెండ్లి కాలే, పిల్లలు లేరు. వైశాఖంల ఓడ ఉన్నది. గా ఓడ తప్పితే ఇంకొకన్ని పెట్టుకుంటరు, సూస్కో!"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజాం రాజ్యపు శుక్రవారం సెలవు రాగానే నిజామాబాద్‌లోని గ్రంథాలయానికి పరుగెత్తాను. నేను చదివింది నాలుగో తరగతి. మిగిలిన చదువంతా ఆ గ్రంథాలయం బెంచీ మీద సంపాదించిందే. అక్కడి భూగోళ పుస్తకంలో మారిషస్‌కు రెండే పేజీలు. నాకవి చాలు. మనకు ఎండాకాలమైతే వాళ్లకు చలికాలమట. వెంటనే కాగితం మీద "కంబళి, మూడు రూపాయలు" అని రాశాను. ఓడలో డెక్కు టికెట్టు అరవై. ట్రంకు పెట్టె ఎనిమిది. దొరల తోటలో ఉద్యోగం కనుక బూట్లు ఆరు. బొంబాయిలో కొనుక్కోవలసిన పుస్తకాలు తొమ్మిది. సరిహద్దు అవతలి మన్మాడ్ నుంచి బొంబాయికి రైలు, అక్కడ బస తొమ్మిది. మొదటి జీతం అందేదాకా తిండికి పాతిక. వస్తువులన్నీ బొంబాయిలోనే కొనాలనుకున్నాను కనుక, నిజాం రాజ్యం దాటిన తరువాత అయ్యే ఖర్చు సరిగ్గా నూట ఇరవై తేలింది. మన్మాడ్ దాకా రైలు చార్జీ విడిగా తీసి పెట్టాను. నా దగ్గర ఉన్నవీ నూట ఇరవయ్యే!

అన్నిటికన్నా నన్ను మురిపించింది పుస్తకంలోని ఒక్క వాక్యం. ఆ దీవిలో చెల్లేది కూడా రూపాయే. సముద్రం అవతల కూడా మన రూపాయే ఉంటే ఇక భయమేమిటి? గ్రంథాలయం చూసుకునే పెద్దాయనకు ఆ జాబితా బిగ్గరగా చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "శభాష్, కంబళి సుతా మర్వలేదు!" అన్నారు.

నిజామాబాద్ వస్తే కంఠేశ్వర్‌లో అక్క ఇంట్లో నా మకాం. మా బావ షోలాపూర్ మిల్లులో నేతపని చేసేవాడు. అక్కకు అక్షరం రాదు. అయినా జాబితా చదవమంది. చదివాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"గీ నూట ఇరువై ఏ రూపాలు తమ్మీ?"

"రూపాయంటే రూపాయే కదక్కా. అక్కడ కూడా రూపాయేనని పుస్తకంల ఉన్నది."

"నీ పుస్తకం సల్లగుండ! మీ బావ షోలాపూర్ నుంచి ఆరు కల్దార్లు పంపితే సరాఫు ఏడు హాలీ రూపాలు ఇస్తడు. ఓడోడు నీ హాలీ తీస్కుంటడా?"

చేతిలోని కాగితం చల్లబడినట్టయింది. మన రాజ్యంలో పుట్టి, మన హాలీ సిక్కాలే లెక్కపెట్టి పెరిగినవాణ్ని. కల్దారు అంటే ఇంగ్లీషు వాళ్ల రూపాయి అని తెలుసు. కానీ అచ్చులో చదివిన రూపాయి అదేనని తట్టలేదు. నూట ఇరవై కల్దార్లకు నూట నలభై హాలీలు కావాలి. ఇరవై తక్కువ. నా నెల జీతం కన్నా ఎక్కువ. ఓడకు ఇంకా మూడు వారాలే ఉంది.

"కొట్టెయ్," అంది అక్క. "కంబలి ఎందుకు? మీ బావ తెచ్చిన షోలాపూర్ సద్దర్ తీస్కపో."

కంబళి కొట్టేశాను.

"బూట్లు లేకుంటే ఓడ ఎక్కనియ్యరా?"

బూట్లూ పోయాయి.

"పుస్తకాలు?"

"అవి తప్ప ఏమైనా అడగక్కా!"

"గట్లయితే పుస్తకాలు పట్టుకొని ఈడనే కూసో. ఓడ దానంతటది పోతది."

కలం సిరాలో ముంచాను. చివరికి పుస్తకాల మీదా గీత గీశాను. మూడు పద్దులూ కలిపి పద్దెనిమిది కల్దార్లు, అంటే ఇరవై ఒక్క హాలీలు. లోటు ఇరవై. ఒక్క రూపాయి మిగిలింది! నేను ఎగిరి గంతేస్తే అక్క చేటలో బియ్యం సగం నేలపాలయ్యాయి.

"ఓడ ఎక్కినంక దునుకు, నా బియ్యం మీద గాదు!"

మర్నాడు డబ్బు మార్చే సరాఫు నూట పందొమ్మిది హాలీలు తీసుకుని నూట రెండు కల్దార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. మిగిలిన రూపాయితో నోటు పుస్తకాలు, సిరా బుడ్డి కొన్నాను. గానుగ ఆగిపోయింది కనుక, ఆ మూడు వారాలూ పొద్దున్నే గ్రంథాలయం తలుపు తీసేసరికి నేను మెట్ల మీద ఉండేవాణ్ని. కొనలేని పుస్తకాలను చేత్తో దించుకున్నాను. వేళ్లకు సిరా అంటుకుని, అన్నం కూడా నీలంగా కనిపించేది.

భూగోళ పుస్తకం ఆఖరున దించుకున్నాను. మారిషస్ పేజీలో "అక్కడ చెల్లేది కూడా రూపాయే" అన్న వాక్యం దించుకున్నాక, నా నోటు పుస్తకం అంచున నా మాటగా ఒక్క ముక్క చేర్చాను: "ఏ రూపాయో అక్కను అడగవలెను."

సిరా ఆరేదాకా ఊది, పుస్తకం గుడ్డసంచిలో పెట్టి, మీద షోలాపూర్ చద్దర్ మడిచి పెట్టి, చెప్పులు తొడుక్కుని స్టేషనుకు బయలుదేరాను.