ముందు గుక్క

జూలూరుపాడు దాటాక అడవి అంచు తండాలో రూప్లి ఇప్పసారా కాచేది. కాచడమే గానీ తాగే అలవాటు లేదు. ఒక్క గుక్క మాత్రం తప్పేది కాదు. కొత్త సీసా మూత తీసినప్పుడల్లా అమ్మే మనిషి అందరి కళ్లముందూ మొదటి గుక్క మింగాలి. కల్తీ లేదనడానికి అదే సాక్ష్యం. ఆ తర్వాతే ఎవరైనా ముంత పట్టేది.

మొగుడు భద్రు బొగ్గు లారీ డ్రైవరు. తొంభై ఆరులో ఎముకల గూడై చనిపోయాడు. ఇంట్లో అత్తాకోడళ్లే మిగిలారు. ఏడాది తిరక్కుండానే రూప్లికి దగ్గు పట్టుకుంది. దవాఖానాలో రక్తం చూసి భద్రుకున్న ఎయిడ్సే ఆమెకూ ఉందన్నారు.

"దానికి మా దగ్గర మందు లేదమ్మా. ఈ టీబీ మాత్రం తగ్గుతుంది. ఆర్నెల్లు గోళీలు వేసుకోవాలి. సారా చుక్క ముట్టినా లివర్ పోతుంది" అన్నాడు డాక్టరు.

ఆనాటి నుంచి ఆమెకు నిద్ర లేదు. పొయ్యి మంట చూస్తూ అన్నం మరిచేది. తనలో తనే గొణుక్కునేది. అయినా గోళీ మరవలేదు. ఆర్నెల్లు గడిస్తే చాలనుకుంది. పిచ్చి పట్టకుండా ఆమెను ఆపింది సాయంత్రం సారా తాగడానికి వాకిట్లో చేరే నలుగురి ముచ్చట్లే.

ముందు గుక్కను రెండు నెలలు ఎలాగో దాటవేసింది. చివరికి రామ్‌చందర్ పట్టేశాడు. భద్రు లారీ మీద క్లీనరుగా తిరిగినవాడు.

"ఏంది వదినె, ముందు గుక్క నువ్వు తాగుతలేవు? ఏం కలిపినవ్? మమ్ముల గూడ అన్న దగ్గరికే పంపుతవా?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే ముంతలు కింద పెట్టారు.

పన్నెండేళ్లలో ఆమె సరుకును ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ మాట పడలేకపోయింది.

"నా సారాల ఏం లేదు. ఉన్నది నా ఒంట్లనే. మీ అన్నకొచ్చిందే నాకొచ్చింది. గోళీలు మింగుతున్న, గందుకే తాగుతలేను."

సారా పరువు నిలిచింది. వాకిలి ఖాళీ అయింది.

నాలుగోనాటి సాయంత్రం రామ్‌చందర్ ఒక్కడే వచ్చి దూరంగా నిలబడ్డాడు. చేతిలో ఇంటినుంచి తెచ్చుకున్న గ్లాసు.

"ఏమనుకోకు వదినె. మీ అత్తను పొయ్యమను. నువ్వు ముట్టకు. ఇగ ముందు గుక్క తాగే పని గూడ లేదు. నీ గోళీలకు మంచిదే గదా?"

"మంచిదే" అంది రూప్లి. సీసా ఎత్తి సగం దాకా ఆగకుండా తాగింది. "కల్తీ లేదు. ఇగ తాగు మరిదీ."

అతను గ్లాసు వెనక్కి దాచుకున్నాడు.

"అన్న లారీ ఆపిన కాడల్ల నువ్వు గూడ దిగినవు గదా. నీ రక్తం సూపిచ్చుకున్నవా?"

రామ్‌చందర్ ముఖం పాలిపోయింది. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

అత్త పరుగున వచ్చి సీసా లాక్కోబోయింది. "ఇంక నాలుగు నెల్లే బిడ్డా, జర ఓపిక పట్టు."

"పట్టి ఎవలతోని మాట్లాడాలె?" అంది రూప్లి. సీసా వదల్లేదు.