ఉతకని బల్లగుడ్డ

మా పక్కింటి అవ్వ పోయిన సోమవారం కన్నుమూసింది. కబురు చెప్పడానికి వచ్చిన ఆమె కోడలు, ఏడుస్తూనే మా కిటికీ ఊచ మీద వేలు రాసి చూసుకుంది. మసి పడిందా అని అలా చూడడం అవ్వ అలవాటు.

బోధన్‌లో మా వాడ వెనక, చక్కెరకు ప్లాస్టిక్ సంచులు నేసే ఫ్యాక్టరీ ఉంది. ఎనభైల చివర్లో అక్కడ మిగిలిన ముక్కలను పెరట్లోనే తగలబెట్టేవాళ్ళు. నల్లటి మసి మా బియ్యం మీద, పడుకున్న పిల్లల మొహాల మీద రాలేది. "పొగ పైకి పోతదంటరు. పోయి యాడుంటది? మన నెత్తి మీదనే గదా!" అనేది అవ్వ.

చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతకడం ఆమె సేవ. దాన్ని ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు, అంత పట్టుదల మనిషి. ఒక ఆదివారం ఆ గుడ్డను మసితోనే తెచ్చి పరిచింది. పాస్టరుగారు బిత్తరపోయారు. ముందు వరుసలో ఫ్యాక్టరీ మేనేజరు కూర్చుని ఉన్నాడు.

"ఇది నా మురికి గాదు సారూ, మీది. మీరు కాలవెట్టుడు బందు జేస్తే ఉతుకుత."

"ముక్కలు మళ్ళీ కరిగించాలంటే సంచి ధర పెరుగుతదమ్మా."

"అగ్గువ సంచి అంటున్నరు. మా దగ్గు, మా సబ్బు గా ధరల కలిపిండ్రా?"

కోడలు అప్పటికే అదే ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది, ఇప్పటికీ చేస్తోంది. "నా నౌకరి పోతది అత్తమ్మా" అని ఆ రోజు ఇంట్లో వలవల ఏడ్చింది. "ఫ్యాక్టరీ బందు గావాలని నేనన్ననా బిడ్డా? పొగ బందు గావాలన్న" అంది అవ్వ. నౌకరీ పోలేదు. కానీ నెలల తరబడి ఆ గుడ్డను మసితోనే పరిచింది, అవ్వ మెత్తబడలేదు. చివరికి ప్రతి ఆదివారం ఆ గుడ్డను చూడలేక మేనేజరు ఫ్యాక్టరీ పెరట్లో మంట ఆపించాడు. ఆ రోజు గుడ్డ ఉతికి వాడంతా చూసేలా ఆరేసింది. దగ్గకుండా నిద్రపోయిన నా పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆమెకు దండం పెట్టాలనిపించేది.

ఈమధ్య ఆ ఫ్యాక్టరీకి కొత్త పొగగొట్టం వచ్చింది. అవ్వ శవపెట్టెను వాకిట్లో ఉంచి తెల్లగుడ్డ కప్పాం. ప్రార్థన ముగిసేసరికి దాని మీద సన్నటి నల్లచుక్కలు. కోడలు వేలు రాసి చూసింది, ఏడుపు ఆపింది.

ఊరేగింపు ఫ్యాక్టరీ గేటు ముందుకు రాగానే ఆమె ఆగింది. "రేపు షిఫ్టుకొస్త. మేనేజరు సారును ఉండుమను" అని వాచ్‌మన్‌తో చెప్పింది. సమాధి దాకా ఆ నల్లటి వేలును కొంగుకు తగలనివ్వలేదు.