నానమ్మ కుస్తీ రూళ్లు

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజా మొత్తానికి నన్ను మించిన పహిల్వాన్ లేడు. రోజూ పొద్దున్నే మా చిన్నాయనతో చేతికుస్తీ పట్టి గెలిచేవాణ్ని. నా గెలుపు కేకకు చార్మినార్ మీది పావురాలన్నీ లేచిపోయేవని ఇప్పటికీ నా వాదన.

ఆ కుస్తీ ఎందుకు మొదలైందో అప్పట్లో నాకు సగమే తెలుసు. చిన్నాయనకు ఎదురుగా ఎవరూ లేకున్నా మాటలు వినిపించేవి. డాక్టరు ఇచ్చిన గోలీలతో అవి ఆగాయి గానీ, ఒకరోజు ఒళ్లు పెనంలా కాలి, చేతులు తలుపు చెక్కల్లా బిగుసుకుపోయాయి. ఆసుపత్రిలో చావు గుమ్మం తొక్కి వెనక్కి వచ్చాడు. మందు వికటించిందని గోలీలు ఆపేశారు. కొన్నాళ్లకే ఆ మాటలు మళ్లీ వినిపించసాగాయి. చిన్నాయన అన్నం మానేసి గోడతో పోట్లాటకు దిగాడు. అదే జాతి మందు, వేరే రకం, చిటికెడంతతో మళ్లీ మొదలుపెడదామన్నాడు డాక్టరు. చంపబోయిన మందే బతికిస్తుందా? నా బుర్ర పండుగ ముందటి పత్తర్‌గట్టి బజారులా గజిబిజి అయింది.

కొత్త గోలీలిచ్చి, జ్వరం వచ్చినా, చేతులు బిగుసుకున్నా వెంటనే తీసుకురమ్మన్నాడు డాక్టరు. ఇంకేం, ఇంటిల్లిపాదికీ చిన్నాయనను నొక్కి చూడడమే పని.

"నేనేమన్న వంకాయనా, వచ్చినోళ్లందరు ఒత్తి చూస్తున్నరు? నాకు గోలీ వద్దు, మీరూ వద్దు!" అని తలుపేసుకున్నాడు.

మర్నాడు నానమ్మ మా ఇద్దరికీ కుస్తీ పెట్టింది. ముందు నేను చిన్నాయన నుదురు ముట్టి మొక్కాలి. తర్వాత ఆయన చెయ్యి పట్టుకొని వదులుగా ఊపాలి. అప్పుడే పోటీ. నేను ఓడితే గిన్నెడు కాకరకాయ రసం, ఆయన ఓడితే గోలీ.

"గివేం రూళ్లు నానమ్మా?"

"పహిల్వాన్లు గిట్లనే చేస్తరు. నోర్మూసుకొని పట్టు."

గెలిచేది నేను, అయినా "చిన్నాయన చెయ్యెట్లున్నది బిడ్డా?" అని ఆమె ఆరాలు. నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఒక పొద్దున ఊపబోతే ఆ చెయ్యి కదల్లేదు. "నానమ్మా, కట్టె లెక్కయింది!" అని అరిచాను. ఆమె చేతిలోని చాయ్ గిన్నె జారిపోయింది. చిన్నాయన నాకు కన్నుగీటి, చెయ్యి వదులు చేశాడు.

"ఏందమ్మా, నీ కుస్తీ నాకు సమజ్ కాలేదనుకున్నవా?"

నవ్వాడు. ఆయన నవ్వు నేను మరిచిపోయి ఎన్నాళ్లయిందో. నానమ్మ ఆయన వీపు మీద దబదబా బాదింది, ఏడ్చింది, తనూ నవ్వింది. ఏది దేనికో తెలియక చాయ్ మడుగులో నిలబడిపోయాను. ఆ రోజూ పోటీ జరిగింది. ఆ రోజూ చిన్నాయన ఓడి, గోలీ మింగాడు.

బెత్తెడు పోరగాడి చేతిలో రోజూ ఓడాలంటే ఎంత బలం కావాలో, నాకు నెత్తి నెరిసే వేళకు గానీ తట్టలేదు. ఇప్పటికీ ఆయన దగ్గరికి వెళ్తే నుదురు ముట్టి, చెయ్యి ఊపి, అప్పుడే కుశలం అడుగుతాను. ఇప్పటికీ నేనే గెలుస్తాను.