ఫోటోలో పచ్చ

మా పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయని మా చర్చి సంఘంలో కృతజ్ఞతా కూడిక పెట్టుకుందామనుకున్నాం. కూడికకి ఫ్లెక్సీ కావాలి, ఫ్లెక్సీకి ఫోటో కావాలి. ఇద్దరం కుదురుగా దిగిన ఫోటో పెళ్ళినాటిది తప్ప మరొకటి లేదు. అందుకని నాగాయలంకలో పొద్దున్నే బస్సెక్కి బందరు బయల్దేరాం.

ఆయన దారిపొడవునా కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. ఆ నెలంతా అలాగే ఉన్నారు. అన్నం సహించడం లేదని రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేవారు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా కదా, సరిగ్గా నిద్ర ఉండదు కదా అని నేను సరిపెట్టుకున్నాను. పులిగడ్డ అక్విడక్ట్ వచ్చినప్పుడు లేపాను. కాలవలో నీళ్ళెంత ఉన్నాయో, కిందటేడుకీ ఇప్పటికీ తేడా ఏమిటో చెప్పకుండా ఆయన ఎప్పుడూ అది దాటరు. ఆ రోజు ఒకసారి చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నాకెందుకో మనసు బాగాలేదు.

స్టూడియోలో మమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఫోటో తీశాక, కలరా, బ్లాక్ అండ్ వైటా అని అడిగారు ఫోటోగ్రాఫరు. ఈ మధ్య పెళ్ళిళ్ళవాళ్ళు కూడా బ్లాక్ అండ్ వైట్ అడుగుతున్నారట. మావారు వెంటనే అదే కావాలన్నారు. "మా అమ్మానాన్నలదీ బ్లాక్ అండ్ వైటేనండీ. అందులో మా నాన్న ఎంత నలుపో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు" అని నవ్వారు.

నేను వద్దన్నాను. మా వైపు ఊరి మలుపులో ఫ్లెక్సీ మీద మొహం రంగుల్లో ఉంటే పుట్టినరోజు, నలుపు తెలుపుల్లో ఉంటే మనిషి పోయినట్టు. బస్సులో వెళ్తూ అలాంటిది కనబడితే ఎవరో పోయారని అందరం మెడలు చాపి చూస్తాం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో స్త్రీలకు వాక్యం చెప్పేదాన్ని నేను. పిల్లి ఎదురైతే, ఎవరైనా తుమ్మితే విశ్వాసి ఆగకూడదని ఎన్నిసార్లు చెప్పానో. ఆ షాపులో నా భయం పైకెలా చెప్పను? ఫ్లెక్సీకి కలరైతే నిండుగా ఉంటుందని మాత్రం అన్నాను.

ఆయనకి అర్థమైపోయింది. "శకునమా?" అన్నారు మెల్లగా.

"అదేం కాదు."

"మరి శుక్రవారం వాళ్ళకి చెప్పే ముక్క నాక్కూడా చెప్పు."

నేను కలరే అని పట్టుబట్టి కూర్చున్నాను.

ఫోటోగ్రాఫరు మా ఇద్దరికీ రాజీ కుదర్చాలని రెండు రకాలూ కంప్యూటర్ తెర మీద పక్కపక్కన పెట్టారు. ముందు కలర్‌దాన్ని పెద్దది చేసి, నా బుగ్గ మీది మచ్చ తీసేశారు, ఆయన నుదుటి మీది చెమట తుడిచేశారు. ఆయన కళ్ళ దగ్గరికి వచ్చేసరికి, "లైటు తేడా చేసింది మేడమ్, సార్ కళ్ళు పచ్చగా పడ్డాయి. ఒక్క నిమిషం, తెల్లగా చేసేస్తాను" అన్నారు.

"ఆగండి" అన్నాను. "నా కళ్ళు తెల్లగానే ఉన్నాయి కదండీ."

ఒకే లైటు కింద, ఒకే ఫోటోలో ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. ఫోటోగ్రాఫరు ఇటూ అటూ చూసి మౌస్ మీంచి చెయ్యి తీసేశారు. పక్కనున్న బ్లాక్ అండ్ వైట్‌లో మా ఇద్దరి కళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి.

మావారిని రెక్క పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాను. ఎండకి నల్లబడే కళ్ళద్దాలు ఆయనవి. బయటుంటే ఎప్పుడూ అవి ఉండాల్సిందే. వాటిని తీసి, చిన్నపిల్లాడికి చూసినట్టు కింది రెప్ప లాగి చూశాను. పసుపు రాసినట్టుంది. ఎన్నాళ్ళనుంచని అడిగితే, మూత్రం పచ్చగా వస్తుంటే ఎండ వేడనుకున్నానన్నారు. కూడిక అయ్యాక చూపించుకుందామని ఊరుకున్నారట.

మా చెల్లెలు గుడివాడలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఫోన్ చేస్తే, ఏమీ తినకుండా తిన్నగా వచ్చెయ్యమంది. బందరు నుంచి గుడివాడ బస్సెక్కాం. పక్క సీటావిడ ఆయన్ని చూసి కామెర్లని తేల్చేసి, పసరు ఎక్కడ పోస్తారో చెప్పడం మొదలుపెట్టింది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ఎవరి కోసం చేసినా చివర "నీ చిత్తమే జరగనివ్వు ప్రభువా" అనడం నాకు అలవాటు. ఆ రోజు ఆ మాట రాకముందే ఆమేన్ అనేసి మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని. గుడివాడ వచ్చేదాకా అలాగే చేశాను.

స్కాన్ తీశారు. పైత్యం దిగే గొట్టం మూసుకుపోయిందనీ, రాయో గడ్డో ఇంకో స్కాన్ తీస్తేగాని తెలియదనీ డాక్టరుగారు చెప్పారు. వరండాలో కూర్చున్నాం. గడ్డ అన్న మాట తప్ప నాకింకేమీ చెవికెక్కలేదు. అప్పుడే ఫోటోగ్రాఫరు ఫోన్ చేసి, ఫ్లెక్సీ వాళ్ళు అడుగుతున్నారు, ఏది పంపమంటారు మేడమ్ అన్నారు. మావారు ఫోన్ తీసుకున్నారు.

"కలరే పంపండి. కళ్ళు మాత్రం అలాగే ఉంచండి. పెళ్ళిలో అందరూ పచ్చగా ఉండమనే దీవించారు. ఇన్నాళ్ళకి ఫలించింది."

మా చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ లాక్కుని, ఇప్పుడేమీ పంపొద్దండీ అని పెట్టేశాను.

అది రాయి. నోట్లోంచి గొట్టం వేసి తీశారు. కళ్ళు తేటపడడానికి చాలా వారాలు పట్టింది. రోజూ పొద్దున్నే ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి రెప్ప లాగి చూసేదాన్ని. తర్వాత కూడిక ఫ్లెక్సీ కోసం మళ్ళీ బందరు వెళ్ళి ఇద్దరం కలర్లో దిగాం. విడిగా తనదొకటి బ్లాక్ అండ్ వైట్‌లో కావాలని అడిగి ఆయన నా మొహంలోకి చూశారు. ఈసారి సరే అన్నాను. నా భయం తప్పే. కానీ ఆ భయంతో పట్టుబట్టబట్టే ఆయన కళ్ళు నా కళ్ళబడ్డాయి. దేవుడు తప్పుని కూడా అలా వాడుకుంటాడా అని పాస్టరుగారిని అడగాలనుకుంటాను, ఇంకా అడగలేదు.

ఆ బ్లాక్ అండ్ వైట్ ఫోటో మా ముందు గదిలో ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి, మా సంఘం పద్ధతి ప్రకారం తాళి లేని నా మెడకేసి చూసి, గొంతు తగ్గించి, "ఎప్పుడండీ?" అంటారు. లేదండీ, ఉన్నారు అంటాను. అని ఊరుకోలేను. ఏవండీ అని లోపలికి గట్టిగా పిలుస్తాను. "ఆఁ" అని వినబడేదాకా ఊపిరాడదు.