ఉపేందర్ ఆటకు తగిలించిన అంకె

గోదావరిఖనిలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఆగయ్య కుటుంబం ఉండేది. బొగ్గుబాయిలో, అంటే గనిలో, పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసి ఆగయ్య పదవీ విరమణ పొందాడు. ఆయన కుమారుడు ఉపేందర్ చేసిన పనిని, ఆ పనికి పట్టిన గతిని నాకు తెలిసినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాను. ఇది తెలంగాణ రాష్ట్రం రావడానికి అయిదారేళ్ల ముందటి మాట.

కంప్యూటర్ కోర్సు పూర్తిచేసినా ఉద్యోగం దొరకనందున ఉపేందర్, బస్టాండు సమీపంలో గులాం అలీ నడిపే వీడియో గేముల దుకాణంలో కుదిరాడు. చెడిన యంత్రాలను బాగుచేయడం, కొత్త ఆటలను వాటిలోకి ఎక్కించడం అతని విధులు. అప్పట్లో ఆ దుకాణాన్ని ఏలుతున్నది 'టైగర్ కమాండో' అనే విదేశీ ఆట. ఒకటి వచ్చింది, రెండు వచ్చింది, మూడు వచ్చింది. తుపాకీ మారింది, ఊరు మారింది, ఒకసారి కథానాయకుని మీసం కూడా మారింది. ఆట మాత్రం మారలేదు. అయినప్పటికీ షిఫ్టు దిగి వచ్చే యువకులు గడప తొక్కుతూనే "నాలుగు వచ్చిందా?" అని అడిగేవారు.

ఉపేందర్ రెండు వానాకాలాలు శ్రమించి సొంతంగా ఒక ఆటను తయారుచేశాడు. దానికి 'పైకప్పు' అని పేరు పెట్టాడు. అందులో తుపాకీ లేదు. చీకటి, టోపీకి ఒక దీపం, చేతిలో ఒక కట్టె ఉంటాయి. అడుగు వేసే ముందు కట్టెతో పైకప్పును తట్టి వినాలి. గట్టి రాయి కంచులా పలుకుతుంది, లోపల విడిపోయిన రాయి బోలుగా పలుకుతుంది. బోలుగా పలికినచోట నిలిచిన ఆటగాడు మిగలడు.

ఆ చప్పుళ్ల కోసం ఆగయ్య తన పాత కట్టెతో గల్లీ చివరి బండల మీద, మురుగునీటి మోరీపై కప్పిన పలకల మీద కొట్టి చూపగా ఉపేందర్ రికార్డు చేసుకున్నాడు.

"మోరి బండ పగిలిందంటే మున్సిపాలిటోళ్లకు నువ్వే జవాబు చెప్పాలె" అన్నది ఆగయ్య భార్య లింగవ్వ.

"నలబై ఏండ్లు బాయిల కొట్టిన. ఒక్క రాయి నన్ను అడగలే. ఈ మోరి బండ అడుగుతదా?" అన్నాడు ఆగయ్య.

ఆట ఆరంభంలో నల్లని తెర మీద 'చప్పుడు: ఆగయ్య' అనే రెండు మాటలు కనబడేవి. ఆ రెండు మాటలను పదిమంది చదవాలని, ఆ చప్పుడును పదిమంది వినాలని తప్ప ఉపేందర్ మరేమీ కోరలేదు.

దుకాణంలో అతడు ఆటను పెట్టి చూపించిన రోజున ఒక పాలిటెక్నిక్ విద్యార్థి అడిగాడు.

"అన్నా, ఇది ఎన్నోది?"

"ఎన్నోది ఏంది? ఇదే మొదటిది."

"గట్లయితే రెండోది వచ్చినంక ఆడుతం తియ్."

అందరూ నవ్వారు. గులాం అలీ మాత్రం నవ్వలేదు. "ఉపేందర్ భాయ్, ఆట మంచిగనే ఉన్నది. గని నంబర్ లేని ఆటకు నేను టీవీ ఇడిస్తే దుకాణం బంద్ చేస్కోవాలె" అన్నాడు.

ఉపేందర్ హైదరాబాదులోని ఒక వీడియో గేముల కంపెనీకి వెళ్లాడు. అక్కడి అధికారి కొంతసేపు ఆడి చూసి, "బాగుంది. ఇలాంటిది ఇంతకుముందు ఏదైనా వచ్చి గెలిచిందా?" అని అడిగాడు.

"రాలేదు సార్."

"అదే ఇబ్బంది" అని ఆయన డిస్కును తిరిగి ఇచ్చివేశాడు. అటుపిమ్మట ఉపేందర్ మిత్రులకు, మిత్రుల మిత్రులకు కొన్ని డిస్కులు ఊరికే పంచాడు. ఎవరైనా ఆడితే చాలుననుకున్నాడు.

మరుసటి ఎండాకాలం బజారులోకి 'టైగర్ కమాండో 4' వచ్చింది. అట్ట మీద తుపాకీ పట్టిన సైనికుని బొమ్మ ఉంది. గులాం అలీ సంతోషంగా డిస్కును అందించగా ఉపేందర్ యంత్రంలో పెట్టాడు. తెర మీద చీకటి, దీపం, కట్టె కనిపించాయి. అది 'పైకప్పు'. ఆగయ్య పేరున్న తెరను కోసివేశారు. ఆట పొడవునా డప్పుల సంగీతాన్ని అతికించారు. ఆ హోరులో కట్టె చప్పుడు వినబడదు. ఆ నకిలీ డిస్కును ఎవరు చేశారో, ఎక్కడ చేశారో చివరివరకు తేలలేదు.

యువకులు వరుస కట్టారు. ఏ హెచ్చరికా లేకుండా కప్పు కూలి చస్తూ, "నాలుగు మస్తు కష్టమున్నది రా" అని మురిసిపోయారు.

"ఇది నేను చేసిన ఆట. కొట్టి ఇనాలె. ఇంటేనే బతుకుతరు" అన్నాడు ఉపేందర్. పక్క టీవీలో తన డిస్కును పెట్టి చూపించాడు.

ఆ పాలిటెక్నిక్ విద్యార్థి రెండింటినీ పరిశీలించి, "అన్నా, నాలుగును చూసి మంచిగనే కాపీ కొట్టినవ్. మ్యూజిక్ పెట్టుడు మర్సిపోయినవ్" అన్నాడు.

అర్జీ వ్రాసిపెట్టమని ఉపేందర్ నా వద్దకు వచ్చాడు. విషయము, వివరము, ప్రార్థన సక్రమంగా ఉండేటట్లు వ్రాసి ఇచ్చి, పోలీసు స్టేషనుకు నేనూ వెంట వెళ్లాను. అక్కడి ఉద్యోగి పూర్తిగా చదివాడు.

"టైగర్ కమాండో ఎవరిది?"

"విదేశీ కంపెనీది సార్."

"మరి వాళ్లు రావాలె. నీదేం పోయింది?"

"నా ఆట పోయింది సార్."

"నీ డిస్కు నీ తాన ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"ఉంటే ఇంక పోయిందేంది?"

ఆయన అర్జీని మడిచి మా చేతికే తిరిగి ఇచ్చివేశాడు.

ఈ సంగతి తెలిసి ఆగయ్య ఒక సాయంత్రం దుకాణానికి వచ్చాడు. యువకుల వెనుక నిలబడి, తెర మీద కప్పు కూలడం చూశాడు. "ఆగుండ్రి బిడ్డా. కొట్టి ఇనుండ్రి, అడుగు పెట్టకుండ్రి" అన్నాడు. సంగీతం మోతలో వారికి వినబడలేదు.

"ఆ డప్పులు జర తక్కువ చెయ్ రా" అని కొడుకును అడిగాడు.

"తక్కువ చేస్తే నీ కట్టె సప్పుడు గూడ తక్కువైతది బాపు. రెండూ కలిపి ఒక్కటే చేసిండ్రు."

ఆగయ్య మరొకసారి కప్పు కూలేవరకు నిలబడి చూసి, ఇంటికి బయలుదేరాడు.

దసరాకు ముందు 'టైగర్ కమాండో 5' వచ్చింది. లోపల మరెవరిదో ఆట ఉంది, పడవలు, చేపల వలలు. దాని ఆరంభంలోనూ ఏదో కోసివేసిన జాడ కనిపించింది. అది ఎవరి ఆటో తెలుసుకునే మార్గం లేదు. జీతానికి ఉన్నవాడు కనుక దానిని యంత్రాలన్నింటిలోకి ఎక్కించవలసినవాడూ ఉపేందరే. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"జల్ది కానియ్ భాయ్, పోరగాండ్లు బయట నిలబడ్డరు" అన్నాడు గులాం అలీ.

ఉపేందర్ యంత్రాలలో నుంచి నాలుగును తీసివేసి, అయిదును ఎక్కించి, తలుపు తీశాడు.